జబ్బు ఇద్దరి నుంచీ వస్తుంది, నింద ఒక్కరి మీదే పడుతుంది
(కావలిలో ఒక పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, డ్యూటీ ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చిన ఆశా కార్యకర్తలకు, వెనక నిలబడిన కాలేజీ పిల్లలకు అందరికీ. నిలబడినవాళ్లు పక్క మెట్ల మీద కూర్చోండమ్మా, కొంచెం సేపు పడుతుంది.

జన్యు పరిశోధన గురించి, దానివల్ల మన ఆరోగ్యానికీ సమాజానికీ ఏం జరుగుతోందో చెప్పమన్నారు. ఒక సాయంత్రంలో అయ్యే సబ్జెక్టు కాదు ఇది. అందుకే నేను అన్నీ చెప్పాలని రాలేదు. ఒక్క విషయం గట్టిగా చెప్పాలని వచ్చాను. పరిశోధన వల్ల ఇవాళ మన చేతికి ఎన్నో పరీక్షలు వచ్చాయి. కొన్నిటికి చెన్నై దాకా పోనక్కర్లేదు, కావలిలోనే రక్తం ఇస్తే చాలు. కానీ ఆ రిపోర్టు ఇంటికి వెళ్లాక ఎవరి మీద పడుతోంది? ఆ సంగతి తేల్చుకోకపోతే ఎంత పెద్ద శాస్త్రవేత్త ఏం కనిపెట్టినా మన ఇళ్లల్లో పిల్లలకు ఒరిగేది తక్కువ.

నా ప్రాక్టీసు నెల్లూరులో. ఉదయగిరి, వింజమూరు నుంచి వస్తారు, అటు పామూరు, కనిగిరి నుంచీ వస్తారు. పసిబిడ్డ పాలిపోయి ఉంటాడు. పొట్ట ఉబ్బి ఉంటుంది. ఆరు నెలలు దాటినా బరువు పెరగడు. పరీక్షలు చేయిస్తే తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు అని తేలుతుంది. తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెడతానో లేదో, పక్కనున్న నాయనమ్మ నోట వచ్చే మాట దాదాపు ప్రతిసారీ ఒక్కటే. "మా వంశంలో ఇట్టాంటి రోగం ఎవురికీ లేదు డాక్టరమ్మా." ఆమె ఎవరినీ తిట్టదు. ఆ మాట అని కోడలి వంక చూస్తుంది, అంతే. ఆ పిల్ల తల దించుకుంటుంది. ఇరవై రెండేళ్లో ఇరవై మూడేళ్లో ఉంటాయి. బిడ్డకు రక్తం తీసిన చోట దూది అదిమి పట్టుకుని ఉంటుంది. నేను చెప్పేది ఇక ఆమె చెవికి ఎక్కదు.

ఆ నాయనమ్మ అబద్ధం చెప్పలేదు. నిజంగానే వాళ్ల వంశంలో ఆ జబ్బు ఎవరికీ కనపడి ఉండదు. కోడలి పుట్టింట్లోనూ కనపడి ఉండదు. ఈ జబ్బు తీరే అది. రక్తంలో హిమోగ్లోబిన్ తయారవడానికి కావలసిన బీటా గ్లోబిన్ జన్యువు మనలో ప్రతి ఒక్కరికీ రెండు ప్రతులు ఉంటుంది, నాన్న నుంచి ఒకటి, అమ్మ నుంచి ఒకటి. ఒక ప్రతి చెడి రెండోది బాగుంటే ఆ మనిషికి ఏమీ కాదు. పొలం పనులు చేసుకుంటాడు, ఉద్యోగం చేసుకుంటాడు, ఎనభై ఏళ్లు బతుకుతాడు. అట్లాంటివాళ్లను క్యారియర్లు అంటాం. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఇట్లా ఉంటారు. ఈ హాల్లోనూ ఉండే ఉంటారు, వాళ్లకు ఆ సంగతే తెలియదు. భార్యాభర్తలు ఇద్దరూ క్యారియర్లయితే, ఇద్దరి నుంచీ చెడిన ప్రతే వచ్చిన బిడ్డకు మేజర్ జబ్బు వస్తుంది. ప్రతి కాన్పులోనూ అందుకు నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకు వచ్చేసింది కదా, ఇక తరువాత ముగ్గురికీ రాదులే అనుకుంటారు చాలామంది. అట్లా కాదమ్మా. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే.

అంటే బిడ్డ జబ్బులో సగం వాళ్ల నాన్నది. ఆ నాన్నకు తన అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చింది. కోడలి వంక చూసిన నాయనమ్మ రక్తంలోనే ఆ జన్యువు ఉండొచ్చు. ఈ మాట ఆమెను నిలదీయడానికి చెప్పడం లేదు. ఆమెకూ తన పెద్దల నుంచే వచ్చింది. ఎవరూ అడిగి తెచ్చుకున్నది కాదు.

ఆ బిడ్డ బతుకు ఎట్లా ఉంటుందో కూడా చెబుతాను. మూడు నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించిన ప్రతి సీసా రక్తంతోపాటు ఇనుము ఒంట్లోకి పోతుంది. అది బయటికి పోయే దారి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపడానికి రోజూ మందు వేసుకోవాలి. మాత్రను నీళ్లలో కలిపి తాగిస్తారు, పిల్లలకు ఆ రుచి పడదు, కక్కేస్తారు. కనిగిరి నుంచి పొద్దున మొదటి బస్సుకు బయల్దేరిన తల్లి బిడ్డకు రక్తం ఎక్కించుకుని ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. ఆ రోజు ఆమె కూలి పోతుంది, బిడ్డకు బడి పోతుంది. మళ్లీ మూడు వారాలకు అదే ప్రయాణం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియాతోపాటు, ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్, రక్తం సరిగ్గా గడ్డకట్టని హిమోఫిలియా కూడా ఉన్నాయి. మన రాష్ట్రంలో ఈ పిల్లలకు పింఛను కూడా ఉంది. అర్హత ఉండీ అప్లై చేసుకోనివాళ్లు మీకు తెలిస్తే దయచేసి దగ్గరుండి చేయించండి.

ఇంత కష్టాన్ని ముందుగా పసిగట్టడానికి కావలసిన ఆనవాలు చాలామంది ఇంట్లో బీరువాలోనే ఉంటుంది. సీబీపీ రిపోర్టు, అంటే రక్త కణాల లెక్క. గర్భిణులకు ఎట్లాగూ చేస్తారు. అందరూ హిమోగ్లోబిన్ ఎంత అని ఒక్క లైనే చూస్తారు. 10 ఉంటే ఐరన్ మాత్రలు రాసేస్తారు. ఆ కింద ఎంసీవీ అని ఇంకో లైను ఉంటుంది చూడండి. ఎర్ర కణం సైజు అది. 80 కన్నా తక్కువుంటే కణాలు చిన్నగా ఉన్నట్టు. ఐరన్ లోపంలోనూ చిన్నవవుతాయి, తలసీమియా క్యారియర్లలోనూ చిన్నవవుతాయి. తేడా ఎక్కడంటే కణాల సంఖ్యలో. ఎంసీవీ 62 ఉండి ఎర్ర కణాలు 58 లక్షలు ఉన్నాయనుకోండి. 58 లక్షలంటే 5.8 మిలియన్లు, 62ని ఆ 5.8తో భాగిస్తే 11 కూడా రాదు. ఆ అంకె 13 కన్నా తక్కువ వస్తే తలసీమియా క్యారియర్ అయి ఉండొచ్చని అనుమానించాలి. ఇది అనుమానం మాత్రమే, నిర్ధారణ కాదు. అప్పుడు హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏ2 శాతం తెలుస్తుంది. అది మూడున్నర దాటితే క్యారియర్ అని దాదాపు ఖాయం. వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. ఆశా అమ్మలూ, ఆ భాగహారం మీరు ఫోన్లోనే చేయొచ్చు. మూడు నెలలు ఐరన్ మాత్రలు సరిగ్గా మింగినా రక్తం పెరగని గర్భిణి ఉంటే, ఆమె మాత్రలు పారేస్తోందని అనుకోకుండా ఆ రిపోర్టు ఒకసారి తీసి చూడండి.

ఇక ఈ జ్ఞానం ఎట్లా వచ్చిందో రెండు మాటల్లో. 1953లో జన్యువులు రాసి ఉండే డీఎన్‌ఏ ఆకారం తెలిసింది. రోజాలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన ఎక్స్‌రే చిత్రాలు లేకుంటే వాట్సన్, క్రిక్ అంత త్వరగా ఆ సంగతి తేల్చగలిగేవాళ్లు కాదు. మనిషి డీఎన్‌ఏ మొత్తాన్ని, అంటే జీనోమ్‌ను చదవడానికి 1990లో మొదలైన హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టు 2003లో పూర్తయింది. దాదాపు 300 కోట్ల అక్షరాలు, 20,000 చిల్లర జన్యువులు అని తేలింది. మన దేశంలో 10,000 మంది జీనోమ్‌లు చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. అంతవరకు చాలు. మన ఇంటి సంగతికి వద్దాం.

మేనరికం. ఈ మాట ఎత్తకుండా ఇక్కడ జన్యువుల గురించి మాట్లాడలేం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే మన రాష్ట్రంలో దాదాపు నాలుగింట ఒక పెళ్లి రక్తసంబంధీకుల మధ్యే. ఈ విషయం మీద మన నేలలో పరిశోధన కొత్తది కాదు. జె.బి.ఎస్. హాల్డేన్ అని ప్రపంచ ప్రసిద్ధి పొందిన జన్యు శాస్త్రవేత్త 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేశాడు. ఆయన శిష్యుడు, పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు 1960ల్లోనే ఆంధ్రలో మేనరికాల లెక్కలు తీశాడు. 1964లో హాల్డేన్ భువనేశ్వర్‌లో చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మన పిల్లల చదువుకు తన ఒళ్లు కూడా ఇచ్చి పోయిన మనిషి. ఆయన పేరు తలుచుకోకుండా ఈ మాట ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు.

లెక్క ఏమిటంటే, మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లాడితే ఇద్దరి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకే పెద్దల నుంచి వచ్చినవి. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. కాబట్టి చెడిన ప్రతి ఒకే తాత నుంచి ఇద్దరికీ వచ్చి, మళ్లీ బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? ఏ సంబంధమూ లేని దంపతులకు కూడా వంద మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఏదో ఒక పుట్టుక లోపంతో పుడతారు. బావామరదళ్ల పెళ్లిలో అది దాదాపు రెట్టింపు. మేనమామతో అయితే ఇంకా ఎక్కువ. అంటే మేనరికం చేసుకున్న దంపతుల్లో ఎక్కువమందికి ఆరోగ్యంగానే పిల్లలు పుడతారు. నేను ఈ రెండు మాటలూ కలిపే చెబుతాను. ఒకటి చెప్పి రెండోది దాస్తే జనం నమ్మరు, నమ్మకూడదు కూడా. మేనరికం చేసుకున్నవాళ్లను పాపం చేసినట్టు చూసే డాక్టర్లంటే నాకు కోపం. ఆస్తి చెదరకూడదనో, పిల్ల కళ్ల ముందే ఉంటుందనో, కట్నం తగ్గుతుందనో చేస్తారు. మెట్ట ప్రాంతంలో, నాలుగేళ్లకోసారి కరువు చూసే చోట, ఆ కారణాలు చిన్నవి కావు. కాకపోతే ఇంటిలోనే రెండు మూడు తరాలుగా మేనరికాలు జరిగి, ఒక బిడ్డ పోయి ఉంటే, ఆ ఇంట్లో ఇంకో మేనరికానికి ముందు జన్యు వైద్యుల సలహా తీసుకోకపోవడం మాత్రం తప్పే.

బయటి సంబంధం చేసుకున్నాం కాబట్టి మాకేమీ రాదు అని ధీమాగా ఉండేవాళ్లకూ ఒక మాట చెప్పాలి. బయటి సంబంధమంటే మన దగ్గర కులం లోపల బయటి సంబంధమే. ఒంగోలు ఆబోతుల గురించి తెలిసిన రైతులు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఒక మందలో ఒకే ఆబోతును తరతరాలు వాడితే దాని మంచీ చెడూ మందంతటికీ పాకుతాయని, అందుకే ఆబోతును మార్చాలని మీకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మనుషుల్లోనూ అదే జరిగింది. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకులతో మొదలై, వందల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షల మందిగా పెరిగిన కులాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆ పూర్వీకుల్లో ఒకరికి ఉన్న జన్యు మార్పు ఇవాళ వేలమందిలో ఉంటుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో తంగరాజ్ గారు, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధన దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను చూసింది. వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం చాలా గట్టిగా ఉందని తేలింది.

అందులో మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఆర్యవైశ్యులది. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఏ ఊరి బజారుకు పోయినా వాళ్లు ఉంటారు. బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం వాళ్లలో మిగతా సమూహాలకన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువ. ఆ లోపం ఉన్నా రోజువారీ బతుకులో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ బల్ల మీదే ఇబ్బంది. మత్తు ఇచ్చేటప్పుడు గొట్టం వేయడానికి కండరాలు సడలించే సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలు మనిషిలో నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. ఈ ఎంజైమ్ లేనివాళ్లలో గంటల తరబడి ఉంటుంది. ఆపరేషన్ అయిపోతుంది, మనిషి మాత్రం సొంతంగా ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటర్ ఉన్న చోట గండం గడుస్తుంది. లేని చోట? అందుకే తెలిసిన మత్తు డాక్టర్లు ముందే అడుగుతారు. అట్లా అడిగితే, "ఆపరేషన్‌కొస్తే కులం ఎందుకు అడుగుతున్నారు" అని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోవద్దు. వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. మీ ఇంట్లో ఎవరికైనా మత్తు తరువాత తేరుకోవడం ఆలస్యమై ఉంటే అది మరీ ముఖ్యంగా చెప్పండి. మందు మారిస్తే సరిపోతుంది. పరిశోధన నేరుగా ప్రాణం కాపాడే చోటు ఇది. ఆ కులానికి మచ్చ కాదు. 25 అక్షరాలు ఊడిపోయిన ఒక గుండె జన్యువు, ఎంవైబీపీసీ3, మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉంది, దాదాపు అన్ని కులాల్లోనూ, మతాల్లోనూ. నడివయసు దాటాక గుండె కండరం దెబ్బతినే ప్రమాదాన్ని అది పెంచుతుంది. 2009లో మన శాస్త్రవేత్తలే బయటపెట్టారు. ఏదో ఒకటి మోయనివాళ్లు మనలో ఎవరూ లేరు.

ఇంకోవైపు జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంట్లో నలుగురికి వచ్చిందల్లా జన్యువు కాదు. కనిగిరి, పొదిలి, దర్శి వాళ్లకు ఇది బాగా తెలుసు. పళ్లు పచ్చబడి, నడుం వంగి, మోకాళ్లు బిగుసుకుపోయి తాత, తండ్రి, కొడుకు ఒకే తీరుగా ఉంటే ఎవరైనా వంశపారంపర్యం అనే అంటారు. అది నీళ్లు. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఈ జబ్బే ఫ్లోరోసిస్. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొట్టమొదట వైద్యులు నివేదించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. ఆ తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. ఒకే బావి నీళ్లు తాగిన ఇంటిని వంశదోషమని అన్నంతకాలం బావి మార్చాలన్న ఆలోచన రాదు, ప్రభుత్వాన్ని నీళ్లు అడగాలన్న ఆలోచన అసలే రాదు. రేపు ఎవరైనా వచ్చి "మీ జన్యువుల్లోనే ఉంది, ఏం చేయలేం" అంటే, ముందు నీళ్లు, తిండి, పని చేసే చోటు చూశారా అని అడగండి. జన్యువుల పేరు చెప్పి అధికారులు చేతులు దులుపుకునే పరిస్థితి రాకూడదు.

ఇప్పుడు నేను మొదట వేసిన ప్రశ్నకు వస్తాను. రిపోర్టు ఇంటికి వెళ్లాక ఏమవుతుంది? దీని మీద ప్రపంచానికి అనుభవం ఉంది. 1970ల్లో అమెరికాలో నల్లజాతి వాళ్లకు సికిల్ సెల్ పరీక్షలు పెద్ద ఎత్తున చేశారు. క్యారియర్‌కూ రోగికీ తేడా జనానికి విడమరచి చెప్పలేదు. ఫలితం, ఏ జబ్బూ లేని క్యారియర్లకు ఉద్యోగాలు పోయాయి, ఇన్సూరెన్సు నిరాకరించారు. వాళ్ల ఎయిర్ ఫోర్స్ అకాడమీ 1981 దాకా క్యారియర్లను చేర్చుకోలేదు. అదే కాలంలో గ్రీసులో ఆర్కొమెనోస్ అనే ఊళ్లో అందరికీ సికిల్ సెల్ పరీక్ష చేసి, క్యారియర్లు ఒకరినొకరు పెళ్లి చేసుకోవద్దని చెప్పి వచ్చారు. క్యారియర్లకు సంబంధాలు కుదరడం కష్టమై, చాలామంది విషయం దాచి పెళ్లిళ్లు చేసుకున్నారు. పరీక్ష చేసిన ప్రయోజనమే పోయింది.

సైప్రస్ అని చిన్న ద్వీపం. అక్కడ ఏడుగురిలో ఒకరు తలసీమియా క్యారియర్. వాళ్లూ 1970ల్లోనే మొదలుపెట్టారు. కానీ అక్కడ బడుల్లో పాఠం చెప్పారు, తలసీమియా పిల్లల తల్లిదండ్రులే ఊరూరా తిరిగి మాట్లాడారు. చర్చి పెద్దలు కూడా కలిసొచ్చి, పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్నట్టు కాగితం తెమ్మన్నారు. ఫలితం ఏమొచ్చిందో అడగలేదు, చేయించుకున్నారా లేదా అన్నదే అడిగారు. ఇద్దరూ క్యారియర్లని తేలిన జంటల్లో ఎక్కువమంది పెళ్లి మానుకోలేదు. పెళ్లి చేసుకుని, గర్భం వచ్చాక పరీక్ష చేయించుకున్నారు. అక్కడ తలసీమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. పరీక్ష ఒకటే. దాని చుట్టూ మాట్లాడిన తీరు వేరు. మన దేశంలో 2023 జులైలో మొదలైన సికిల్ సెల్ మిషన్ 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకుంది. ఫలితం రాసిన కార్డులు ఇస్తున్నారు. ఏ దారిలో పోవాలన్నది ఆ కార్డు చేతికిచ్చే మనిషి రెండు నిమిషాలు కూర్చుని ఏం చెబుతాడన్న దాని మీద ఉంది.

గర్భంలో పరీక్ష అన్నాను కాబట్టి ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇద్దరూ క్యారియర్లయితే 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు మేజర్ జబ్బు ఉందో లేదో చెప్పగలం. అదే నమూనాలో ఆడో మగో కూడా కనపడుతుంది. అది చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం, అడగడం కూడా నేరమే. జబ్బు కోసం వచ్చిన పరీక్షను ఆడపిల్లను తీసేయడానికి వాడుకున్న చరిత్ర మనకు ఉంది కాబట్టే ఆ చట్టం వచ్చింది. ఇంకో సంగతి కూడా నన్ను తొలుస్తుంటుంది. "ఇట్లాంటి పిల్లలు పుట్టకుండా చూడాలి" అని మనం సభల్లో అంటున్నప్పుడు, అట్లాంటి పిల్లలు ఆ సభలోనే కూర్చుని వింటుంటారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు ఒక అమ్మాయికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేయడాన్ని సరేనంది. 1933లో జర్మనీ దాన్ని చట్టంగా చేసి లక్షలమంది మీద ప్రయోగించింది. మంచి సంతానం పేరుతోనే అదంతా జరిగింది. నిర్ణయం ఆ తల్లిదండ్రులదే అయి ఉండాలి. వద్దనుకున్నా, కనాలనుకున్నా వాళ్లకు అండగా నిలవడం మన పని. పుట్టిన బిడ్డకు రక్తం, మందు, బడి అందించడం కూడా మన పనే.

మందుల సంగతి. జన్యువును సరిచేసే చికిత్స నిజంగా వచ్చేసింది. జన్యువును కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతికి డౌడ్నా, షార్పెంటియే అనే ఇద్దరు మహిళలకు 2020లో నోబెల్ వచ్చింది. 2023 చివర్లో సికిల్ సెల్‌కు ఆ పద్ధతితో చేసిన చికిత్సకు బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. ధర 22 లక్షల డాలర్లు. మన రూపాయల్లో లెక్క వేసుకుంటే నోట మాట రాదు. ఎస్‌ఎంఏ అని కండరాలు బలహీనపడిపోయే జన్యు జబ్బు ఉన్న బిడ్డకు 16 కోట్ల ఇంజెక్షన్ కోసం ఫోన్లలో విరాళాలు అడగడం మీరంతా చూశారు. కానీ ధరలు దేవుడు రాసినవి కావు. అదే ఎస్‌ఎంఏకు నోటి ద్వారా ఇచ్చే రిస్డిప్లాం అనే మందు సీసా 6 లక్షలకు పైగా ఉండేది. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో దాన్ని తయారు చేస్తానంటే పేటెంటు కేసు నడిచింది. 2025 అక్టోబరులో కోర్టులు నాట్కోను ఆపలేదు. సీసా 15,900కు వచ్చింది. పరిశోధన ఫలితం ఎవరికి అందుతుందో ల్యాబు ఒక్కటే తేల్చదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? అరుదైన జబ్బులకు కేంద్రం 2021 విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది. మనకు దగ్గరి కేంద్రం హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ కలిసి నడుపుతున్నది.

ఇన్సూరెన్సు గురించి కూడా అడుగుతుంటారు. పుట్టుకతో వచ్చిన జన్యు జబ్బు అని క్లెయిము తిరస్కరించడం వివక్షేనని 2018లో దిల్లీ హైకోర్టు చెప్పింది. అమెరికాలో 2008లోనే జన్యు వివక్ష మీద చట్టం వచ్చింది. మనకు అట్లాంటి ప్రత్యేక చట్టం కావాలి. మన రక్తంలో ఉన్న సమాచారం మనది. యానాదుల కాలనీల్లో, నల్లమల చెంచు గూడేల్లో రక్తం తీసుకునేటప్పుడు దేనికో చెప్పాలి, ఫలితం తిరిగి చెప్పాలి. అమెరికాలో హవాసుపాయి అనే ఆదివాసుల దగ్గర మధుమేహం పరిశోధనకని రక్తం తీసుకుని వేరే పరిశోధనలకూ వాడారు. వాళ్లు కోర్టుకెళ్లి పోరాడితే 2010లో విశ్వవిద్యాలయం పరిహారమిచ్చి, రక్తం నమూనాలు తిరిగి ఇచ్చేసింది. పిల్లల వేలిముద్రలు చూసి ఇంజనీరవుతాడో డాక్టరవుతాడో చెబుతామని బడులకు వచ్చేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అందులో సైన్సు లేదు.

చాలా మాట్లాడాను. ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దాయన: మా మనవరాలిని మేనబావకే ఇవ్వాలనుకుంటున్నాం. ఖాయం కూడా అయింది. మానుకోమంటారా?)

మానుకోమని నేను చెప్పనయ్యా. ఒక కాగితం తీసుకుని మూడు తరాలు రాయండి. మీరు, మీ ఇంటావిడ, మీ ఇద్దరి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు. చిన్నప్పుడు పోయిన బిడ్డలను కూడా రాయండి, వాళ్లను మనం లెక్కలో వదిలేస్తుంటాం. వినపడనివాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, నడక ఆలస్యమైనవాళ్లు ఉంటే రాయండి. ఆ కాగితంతో అబ్బాయిని, అమ్మాయిని తీసుకుని జన్యు సలహా ఇచ్చే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇద్దరికీ ఏ2 పరీక్ష చేయించండి. ఆ తరువాత వాళ్లిద్దరినీ అడగండి. పెళ్లి వాళ్లది కదా.

(ఒక విద్యార్థిని: హిమోఫిలియా తల్లి నుంచే వస్తుందని చదివాం మేడమ్. అప్పుడు కోడలిని అనడం సరైనదేనా?)

మంచి ప్రశ్నమ్మా. అవును, మగపిల్లలకు ఆ జన్యువు తల్లి ఎక్స్ క్రోమోజోము మీదే వస్తుంది. ఆమెకు తన తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచి రావచ్చు. దాదాపు మూడింట ఒక వంతు కేసుల్లో కుటుంబ చరిత్రే ఉండదు, కొత్తగా జరిగిన మార్పు అది. తల్లి నుంచి వచ్చింది అన్నది వైద్యానికి పనికొచ్చే సమాచారం. ఆమె అక్కచెల్లెళ్లకు పరీక్ష చేయాలి, తరువాతి కాన్పు జాగ్రత్తగా చేయాలి. అంతవరకే దానితో పని. ఆమెను పుట్టింటికి పంపితే బిడ్డ రక్తం ఆగదు కదా.

(ఒక ఆశా కార్యకర్త: క్యారియర్ అని రిపోర్టు వస్తే ఇంట్లో ఎట్టా చెప్పాల మేడమ్? అత్తగారి ముందర చెప్తే గొడవలైపోతన్నాయి.)

అత్తగారి ముందు మొదట చెప్పొద్దు. అసలు ఆ అమ్మాయి ఒక్కదానికే పరీక్ష రాయించొద్దు. భార్యాభర్తలు ఇద్దరినీ ఒకే రోజు తీసుకెళ్లి రక్తం ఇప్పించండి. ఇద్దరి రిపోర్టులూ వచ్చాకే, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి. ఆమె ఒక్కతే క్యారియర్ అయితే బిడ్డకు మేజర్ రాదు, ఆ మాట ముందు చెప్పి తరువాత మిగతాది చెప్పండి. ఇద్దరూ అయితే గర్భం ఎన్ని వారాలో చూసి, 11 వారాలు దాటకముందే నాకుగానీ, ఏ పెద్దాసుపత్రికిగానీ పంపండి. ఆలస్యంగా తెలిసినా పంపండి, అప్పటికీ వేరే పరీక్షలు ఉన్నాయి. భర్త రానంటే నన్ను పిలవండి, నేను మాట్లాడతాను. అత్తగారికి చెప్పే పని ఆ అబ్బాయికి అప్పజెప్పండి. "అమ్మా, నాలో కూడా ఉంది" అని కొడుకే చెప్తే ఆమె వింటుంది.